క్వాంటం వెల్‌లో ఎలక్ట్రాన్ స్పిన్ లెక్క కట్టాలంటే: ముందు బాణాలు గీయండి, నంబర్లు తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందు గదిలో ఆదివారం పూట ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలు కొంతమంది వచ్చి కూర్చుంటారు, విజయవాడ నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. స్పిన్-ఆర్బిట్ టాపిక్ (ఎలక్ట్రాన్ కదలికకీ, స్పిన్ అనే దాని లోపలి చిన్న మాగ్నెట్ బాణానికీ ఉన్న లంకె) వచ్చినప్పుడల్లా ఒకటే సీన్, రష్బా హామిల్టోనియన్ (ఆ లంకెకి రాసే ఎనర్జీ ఫార్ములా) అడిగితే గడగడా రాసేస్తారు, "సరే నాన్నా, ఎలక్ట్రాన్ తూర్పుకి పోతోంది, దాని స్పిన్ ఏ దిక్కు చుట్టూ తిరుగుతుంది?" అంటే గది మొత్తం సైలెంట్. వాళ్ళ తప్పు కాదు, మనకి చెప్పిన పద్ధతే అది, ముందు ఫార్ములా, బొమ్మ అవసరమైతే తర్వాత. నేను ఇక్కడ తిరగేసి చెప్తాను. కావలసింది ఒక తెల్ల కాగితం, రెండు రంగుల పెన్నులు, ఫోన్లో కాలిక్యులేటర్, అంతే. ల్యాబ్ లేదు, క్రయోస్టాట్ (శాంపిల్‌ని బాగా చల్లబరిచే పరికరం) లేదు అని ఆగిపోవద్దు, ఈ లెక్కలు చేసుకుని పెట్టుకున్నవాళ్ళకి రేపు ల్యాబ్‌లో గ్రాఫ్ కనపడగానే అందులో ఏముందో అర్థమవుతుంది.

మొదలుపెట్టే ముందు: రెండు నంబర్లు

డైరీ మొదటి పేజీలో రాసుకోండి. ఒకటి 76.2, రెండోది 0.658.

76.2 అంటే హెచ్-బార్ (ప్లాంక్ స్థిరాంకం బై రెండు పై) స్క్వేర్ బై ఎలక్ట్రాన్ మాస్, మిల్లీ ఈవీ ఇంటూ నానోమీటర్ స్క్వేర్ యూనిట్లలో. మీ సెమీకండక్టర్‌లో ఎఫెక్టివ్ మాస్ (క్రిస్టల్ లోపల ఎలక్ట్రాన్ మాస్ మామూలు మాస్‌లో ఎన్నో వంతులా ప్రవర్తిస్తుందో ఆ నంబర్) ఎంతో దాంతో భాగిస్తే చాలు. గాలియం ఆర్సెనైడ్‌కి 0.067, కాబట్టి 1137. ఇండియం గాలియం ఆర్సెనైడ్ ఛానల్‌కి 0.045 అనుకుంటే 1693. 0.658 అంటే హెచ్-బారే, మిల్లీ ఈవీ ఇంటూ పికోసెకండ్లలో, ఎనర్జీ తేడాని దీంతో భాగిస్తే స్పిన్ పికోసెకండ్‌కి ఎన్ని రేడియన్లు తిరుగుతుందో వచ్చేస్తుంది. జూల్స్, కిలోగ్రాములు, మైనస్ ముప్ఫై నాలుగు పవర్లు పెట్టుకుని కూర్చుంటే ఎక్కడో ఒక సున్నా పోతుంది, ఎక్కడ పోయిందో కూడా తెలీదు, అందుకే మొదటినుంచీ మిల్లీ ఈవీ, నానోమీటర్, పికోసెకండ్ ఈ మూడింట్లోనే ఉండండి.

అడుగు 1: వెల్ ఏంటో కళ్ళకి కట్టుకోండి

అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరల మధ్య 10 నానోమీటర్ల గాలియం ఆర్సెనైడ్ పొర. ఎలక్ట్రాన్‌కి ఈ మధ్య పొరలో ఎనర్జీ తక్కువ, అటూ ఇటూ ఎక్కువ, అందుకని మధ్యలోనే ఉండిపోతుంది. బందరు కాలవ తలుచుకోండి, అటు గట్టు ఇటు గట్టు, నీళ్ళు గట్టు దాటవు కానీ కాలవ వెంబడి ఎంత దూరమైనా పోతాయి. తేడా ఒకటే, కాలవలో పోయే దారి ఒక్కటే, వెల్‌లో ఎలక్ట్రాన్‌కి నేల మొత్తం ఖాళీ, ఎనిమిది దిక్కులకీ పోవచ్చు, పైకీ కిందకీ మాత్రం కదల్లేదు.

పైకీ కిందకీ కదల్లేదంటే ఆ దిశలో మొమెంటం సున్నా అని కాదు, ఇక్కడే చాలామంది జారిపోతారు. సగటు సున్నా, దాని స్క్వేర్ సగటు మాత్రం సున్నా కాదు. గోడలు చాలా ఎత్తుగా ఉన్నాయనుకుంటే ఆ స్క్వేర్ సగటు అంటే పై ని వెడల్పుతో భాగించి స్క్వేర్ చేయడమే. 10 నానోమీటర్లకి 0.0987. దీన్ని ఒక పక్కన రాసి పెట్టుకోండి, అడుగు 4 లో దీంతోనే పని. ఇదే నంబర్‌ని 1137 లో సగంతో గుణిస్తే మొదటి లెవెల్ ఎనర్జీ, 56 మిల్లీ ఈవీ. అసలు వెల్‌లో గోడల ఎత్తు పరిమితం, ఎలక్ట్రాన్ కొంచెం గోడలోకి దూరుతుంది కాబట్టి నిజమైన విలువ దీనికంటే తక్కువే వస్తుంది, కానీ చేతి లెక్కకి ఇది చాలు.

తర్వాత ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో చూడండి. చదరపు సెంటీమీటర్‌కి 3 × 10 పవర్ 11 అనుకుందాం. దీన్ని రెండు పైలతో గుణించి రూట్ తీస్తే ఫెర్మీ వేవ్ వెక్టర్ (అన్నిటికంటే వేగంగా పోయే ఎలక్ట్రాన్ల మొమెంటం బై హెచ్-బార్), నానోమీటర్‌కి 0.137. ఫెర్మీ ఎనర్జీ 10.7 మిల్లీ ఈవీ.

అడుగు 2: మాగ్నెట్ లేకుండా మాగ్నెటిక్ ఫీల్డ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

గాలి అస్సలు లేని మే నెల మధ్యాహ్నం వారధి మీద బండి వేసుకుని పోతుంటే మొహానికి గాలి కొడుతుంది కదా. గాలి లేదు, మీ కదలికే గాలి. ఎటు పోతే గాలి దానికి ఎదురు దిశలో, ఆగితే గాలి లేదు. అలాగే ఎలక్ట్రిక్ ఫీల్డ్‌లో కదిలే ఎలక్ట్రాన్‌కి తన దృష్టిలో ఒక మాగ్నెటిక్ ఫీల్డ్ కనపడుతుంది, దాని స్పిన్ ఆ ఫీల్డ్ చుట్టూ బొంగరంలా తిరుగుతుంది. ఫీల్డ్ దిశ ఎలక్ట్రాన్ పోయే దిశని బట్టి మారుతుంది. ఈ ఒక్క వాక్యం పట్టుకోండి, మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

కానీ ఈ బండి పోలిక దిశ వరకే పనికొస్తుంది, సైజ్ విషయంలో మోసం చేస్తుంది. ఖాళీ స్పేస్‌లో డిరాక్ ఈక్వేషన్ ఇచ్చే స్పిన్-ఆర్బిట్ గుణకం ఒక ఆంగ్‌స్ట్రామ్ స్క్వేర్‌లో దాదాపు 3.7 మిలియన్త్‌లు మాత్రమే. గాలియం ఆర్సెనైడ్‌లో అదే గుణకం సుమారు 5, ఇండియం ఆర్సెనైడ్‌లో 117, ఇండియం యాంటిమనైడ్‌లో 523. లక్షల, కోట్ల రెట్లు! ఎందుకంటే క్రిస్టల్‌లో ఎలక్ట్రాన్ భారీ పరమాణువుల న్యూక్లియస్ పక్కగా దూసుకుపోతుంటుంది, అక్కడ ఫీల్డ్ విపరీతం, ఆ ప్రభావం వేలెన్స్ బ్యాండ్‌ని (ఎలక్ట్రాన్లతో నిండి ఉండే కింది ఎనర్జీ పట్టీని) చీలుస్తుంది (గాలియం ఆర్సెనైడ్‌లో 0.34 ఈవీ చీలిక), కండక్షన్ బ్యాండ్‌లోకి (మన ఎలక్ట్రాన్లు తిరిగే పై పట్టీలోకి) ఆ వేలెన్స్ బ్యాండ్ వాటా కొంత కలుస్తుంది. ఈ రెండు బ్యాండ్ల మధ్య గ్యాప్ ఎంత చిన్నదైతే కలయిక అంత ఎక్కువ. రూమ్ టెంపరేచర్‌లో గాలియం ఆర్సెనైడ్ గ్యాప్ 1.42 ఈవీ, ఇండియం ఆర్సెనైడ్‌ది 0.35, ఇండియం యాంటిమనైడ్‌ది 0.17, పైన గుణకాలు ఏ వరసలో పెరిగాయో ఇవి సరిగ్గా అదే వరసలో తగ్గాయి చూడండి. మెటీరియల్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఈ గ్యాప్, ఆ తర్వాత వేలెన్స్ బ్యాండ్ చీలిక.

అడుగు 3: ఇప్పుడు ముగ్గు వేయండి

కాగితం మధ్యలో ఒక పెద్ద సున్నా చుట్టి, దాని మీద ముగ్గుకి పెట్టినట్టు ఎనిమిది చుక్కలు పెట్టండి. పైన ఉత్తరం, కుడి పక్క తూర్పు, మధ్యలో ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం. వాస్తు పుణ్యమా అని మన ఇళ్ళల్లో ఈ పేర్లు అందరికీ నోటికి వచ్చు, ఫిజిక్స్‌లో కూడా వాడుకుందాం. తూర్పు అంటే క్రిస్టల్‌లో 100 దిశ, ఉత్తరం 010, ఈశాన్యం 110. ప్రతి చుక్కా ఎలక్ట్రాన్ పోయే ఒక దిశ. చుక్క దగ్గర గీసే బాణం అది పోతున్నప్పుడు దానికి కనపడే ఫీల్డ్ దిశ.

ఎర్ర పెన్నుతో రష్బా. రూల్ ఒకటే, ఎటు పోతున్నా బాణం మీ కుడిచేతి వైపు. పౌర్ణమికి ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ చేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ఎక్కడ నడుస్తున్నా కొండ కుడివైపే ఉంటుంది. తూర్పుకి పోతే బాణం దక్షిణానికి, దక్షిణానికి పోతే పడమరకి, ఈశాన్యానికి పోతే ఆగ్నేయానికి. ఎనిమిదీ గీయండి. రష్బా రావాలంటే వెల్ పైకీ కిందకీ సిమెట్రీ లేకుండా ఒక పక్కకి వాలి ఉండాలి, గేట్ (పైనున్న మెటల్ పొర) మీద వోల్టేజ్ పెడితే వాలుతుంది, డోపింగ్ (ఎలక్ట్రాన్లు ఇచ్చే మలినాలు) ఒక పక్కే ఉన్నా వాలుతుంది. వాలు తిరగబడితే బాణాలన్నీ ఎడమచేతి వైపుకి మారతాయి. ఎమ్మాన్యుయెల్ రష్బా 1960లో వేరే రకం క్రిస్టల్స్‌కి ఈ టర్మ్ రాశారు, రెండు డైమెన్షన్ల ఎలక్ట్రాన్లకి బిచ్కోవ్‌తో కలిసి 1984లో రాశారు.

నీలం పెన్నుతో డ్రెసెల్‌హాస్. ఇది 1955 నాటి పేపర్ నుంచి వచ్చింది, వెల్ వాలు వల్ల కాదు, గాలియం ఆర్సెనైడ్ క్రిస్టల్‌కే ఇన్వర్షన్ సిమెట్రీ (ఒక బిందువుకి అటుదంతా ఇటు తిప్పినా అలాగే ఉండటం) లేకపోవడం వల్ల వస్తుంది, సిలికాన్ లాంటి క్రిస్టల్‌లో ఈ రకంగా రాదు. రూల్: తూర్పు పడమరలు ఉన్నవి ఉన్నట్టు, ఉత్తర దక్షిణాలు తారుమారు. తూర్పుకి పోతే బాణం తూర్పుకే, ఉత్తరానికి పోతే దక్షిణానికి, ఈశాన్యానికి పోతే ఆగ్నేయానికి, ఆగ్నేయానికి పోతే ఈశాన్యానికి. మీరు చక్రం చుట్టూ ఒక రౌండ్ తిరిగితే ఎర్ర బాణం మీతోపాటు అదే వైపు ఒక రౌండ్ తిరుగుతుంది, నీలం బాణం వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఇది గీసి చూసిన పిల్లల మొహంలో వచ్చే వెలుగు చూడాలి మీరు.

ఇప్పుడు రెండు రంగుల్నీ పోల్చండి. ఈశాన్యంలో ఎరుపూ నీలమూ రెండూ ఆగ్నేయానికే, కలుస్తాయి. ఆగ్నేయంలో ఎరుపు నైరుతికి, నీలం ఈశాన్యానికి, కొట్టేసుకుంటాయి. తూర్పున ఎరుపు దక్షిణానికి, నీలం తూర్పుకి, లంబంగా ఉన్నాయి. అంటే ఒకే వెల్‌లో ఒక మూలకి పోయే ఎలక్ట్రాన్‌కి పెద్ద ఫీల్డ్, ఇంకో మూలకి పోయేదానికి చిన్న ఫీల్డ్.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది పుస్తకాల్లో పైపైన చెప్పి వదిలేస్తారు. నేను రీసెర్చ్ చేసే రోజుల్లో దాదాపు మూడు నెలలు డేటాకి థియరీ కుదరక కొట్టుకున్నాను. నీలం బాణాల ఫార్ములాలో తూర్పు అంటే 100 దిశ అని కదా అనుకున్నాం. కానీ గాలియం ఆర్సెనైడ్ వేఫర్ సహజంగా విరిగేది 110 అంచుల వెంబడి, డివైస్‌ని ఆ అంచుకి సమాంతరంగా గీస్తారు, నేను డివైస్ పొడుగుని తూర్పు అనుకుని 100 ఫార్ములా పెట్టేశాను, అంటే మొత్తం ముగ్గుని 45 డిగ్రీలు తిప్పేసి చదివాను. రష్బా అయితే ఎటు తిప్పినా అలాగే ఉంటుంది కాబట్టి తప్పు బయటపడలేదు, డ్రెసెల్‌హాస్ దగ్గర మాత్రం అంతా తలకిందులు. ఒక రాత్రి కాగితం మీద ఈ ఎనిమిది చుక్కలు పెట్టి గీస్తే పది నిమిషాల్లో దొరికింది. అప్పటినుంచీ ఏ శాంపిల్ చేతికొచ్చినా ముందు అంచు ఏ దిశో అడుగుతాను.

అడుగు 4: బాణాల పొడుగు

ఎర్ర బాణం పొడుగు ఆల్ఫా (రష్బా బలం) ఇంటూ వేవ్ వెక్టర్, నీలం బాణం పొడుగు బీటా (డ్రెసెల్‌హాస్ బలం) ఇంటూ వేవ్ వెక్టర్. రెండు స్పిన్ లెవెల్స్ మధ్య చీలిక ఆ పొడుగుకి రెట్టింపు.

బీటా ముందు. అడుగు 1 లో పక్కన పెట్టిన 0.0987 తీసి గామాతో (క్రిస్టల్‌కి ఉండే డ్రెసెల్‌హాస్ గుణకంతో) గుణించండి. గాలియం ఆర్సెనైడ్ గామా దగ్గర జాగ్రత్త, పాత బ్యాండ్ లెక్కలు 27 ఎలక్ట్రాన్ వోల్ట్ ఆంగ్‌స్ట్రామ్ క్యూబ్ దాకా ఇస్తాయి, వెల్స్ మీద చేసిన ప్రయోగాలు చాలావరకు 10 చుట్టుపక్కల తేలాయి. నేను 10 వాడతాను, మన యూనిట్లలో కూడా అది 10 మిల్లీ ఈవీ నానోమీటర్ క్యూబే అవుతుంది. కాబట్టి బీటా సుమారు 1 మిల్లీ ఈవీ నానోమీటర్. వెల్ సన్నబడేకొద్దీ వెడల్పు స్క్వేర్‌కి విలోమంగా పెరుగుతుంది, 5 నానోమీటర్లు చేస్తే ఈ లెక్కలో నాలుగు రెట్లు, అంత సన్న వెల్‌లో ఎలక్ట్రాన్ గోడల్లోకి బాగా దూరుతుంది కాబట్టి నిజంగా అంత రాదు.

ఆల్ఫాకి అడుగు 2 లో గుణకాన్ని వెల్‌లో ఉన్న ఎలక్ట్రిక్ ఫీల్డ్‌తో గుణించండి. ఫీల్డ్ నానోమీటర్‌కి 10 మిల్లీవోల్ట్‌లు అనుకుంటే గాలియం ఆర్సెనైడ్‌కి 0.52, ఇండియం ఆర్సెనైడ్‌కి 11.7 మిల్లీ ఈవీ నానోమీటర్. అసలు వెల్‌లో గోడల అంచుల వాటా కూడా ఉంటుంది, ఇది అంచనా మాత్రమే, కానీ సైజ్ సరైనదే. నిట్టా గ్రూప్ 1997లో ఇండియం గాలియం ఆర్సెనైడ్ వెల్‌లో గేట్‌తో ఆల్ఫాని మార్చి చూపించింది, అక్కడ విలువలు 6 నుంచి 9 మధ్య తిరిగాయి. ప్రకాశం బ్యారేజీలో గేటు ఎత్తితే నీటి మట్టం మారినట్టు ఇక్కడ వోల్టేజ్ మారిస్తే స్పిన్ ఫీల్డ్ మారుతుంది, మాగ్నెట్ లేదు, కాయిల్ లేదు. ఈ రంగంలో ఇంతమంది ఎందుకున్నారో అర్థం కావాలంటే ఇదొక్కటి చాలు.

ఫీల్డ్ ఎంత పెద్దదో ఫీల్ అవ్వాలంటే మన 10 నానోమీటర్ వెల్‌లో బీటా చీలిక 2 × 1 × 0.137, అంటే 0.27 మిల్లీ ఈవీ. బయటి మాగ్నెట్‌తో ఇంత చీలిక తేవాలంటే, బల్క్ (వెల్ కాని మామూలు ముక్క) జీ ఫ్యాక్టర్, అంటే టెస్లాకి స్పిన్ చీలిక ఎంతో చెప్పే నంబర్, 0.44 పెట్టి చూస్తే 10 టెస్లా పైనే కావాలి. హాస్పిటల్లో ఎమ్మారై మెషిన్లు ఎక్కువగా 1.5 లేదా 3 టెస్లాలు.

అడుగు 5: స్పిన్ ఎంతసేపు గుర్తుంటుంది

బాణం దిశ ఎలక్ట్రాన్ పోయే దిశని బట్టి మారుతుంది కాబట్టి ఢీకొన్న ప్రతిసారీ తిరిగే అక్షం మారిపోతుంది. కొన్ని ఢీల తర్వాత స్పిన్ మొదట ఎటుందో మర్చిపోతుంది. దీన్ని డ్యకోనోవ్, పెరెల్ 1971లో చెప్పారు.

సాయంత్రం ఏడింటికి బీసెంట్ రోడ్డులో నడుస్తున్నారనుకోండి. ప్రతి రెండు అడుగులకీ ఎవరో తగులుతారు, పక్కకి జరుగుతారు, ఏ దిశలోనూ ఎక్కువసేపు ఉండరు. ఎలక్ట్రాన్ కూడా అంతే, ఒక దిశలో పోయే కాసేపట్లో స్పిన్ ఆ బాణం చుట్టూ కొంచెమే తిరుగుతుంది, ఢీకొట్టాక వేరే బాణం చుట్టూ ఇంకొంచెం, అటూ ఇటూ తిరిగినవి చాలావరకు కొట్టేసుకుంటాయి. అందుకే రద్దీ పెరిగితే స్పిన్ ఇంకా ఎక్కువసేపు బతుకుతుంది! మొదటిసారి విన్నప్పుడు ఎవరికీ నమ్మబుద్ధి కాదు, ఎక్కువ ఢీలు అంటే ఎక్కువ పాడవ్వాలి కదా అంటారు. ఎలియట్, యాఫెట్ పద్ధతిలో అలాగే పాడవుతుంది, ఢీకొట్టే క్షణంలోనే స్పిన్ తిరగబడుతుంది అక్కడ. కానీ గాలియం ఆర్సెనైడ్ ఎన్-టైప్ (ఎలక్ట్రాన్లు కరెంట్ మోసే) వెల్స్‌లో మామూలుగా గెలిచేది డ్యకోనోవ్-పెరెలే.

లెక్క. చీలిక 0.27 ని 0.658 తో భాగిస్తే పికోసెకండ్‌కి 0.41 రేడియన్లు. మొబిలిటీ, అంటే ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో చెప్పే కొలత, 10,000 (చదరపు సెంటీమీటర్ పర్ వోల్ట్ సెకండ్) అయితే ఢీకి ఢీకి మధ్య టైమ్ = మొబిలిటీ × మాస్ × 0.000569, అంటే 0.38 పికోసెకండ్లు. ఢీల మధ్య తిరిగే కోణం 0.16 రేడియన్లు, 9 డిగ్రీలు. స్పిన్ ఆయుష్షు సుమారుగా ఒకటి బై (0.41 స్క్వేర్ × 0.38), 15 పికోసెకండ్లు. మొబిలిటీ పదో వంతుకి పడిపోతే ఆయుష్షు 150 కి పెరుగుతుంది. మొబిలిటీ 10 లక్షలైతే? ఢీల మధ్య టైమ్ 38 పికోసెకండ్లు, ఆ లోపు స్పిన్ 15 రేడియన్లకి పైగా తిరిగేస్తుంది, రెండు పూర్తి చుట్లు దాటేసింది, ఇక ఈ ఫార్ములా చెల్లదు, వాడకండి. ఫార్ములానే చూసుకుని ఈ షరతు మర్చిపోయి 0.15 పికోసెకండ్లు అని రాసినవాళ్ళని చూశాను. ఇంకోటి, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఢీకొట్టుకోవడం మొబిలిటీని పెద్దగా మార్చదు కానీ స్పిన్ విషయంలో అవీ ఢీలే, కాబట్టి మొబిలిటీ నుంచి తీసిన టైమ్ కంటే అసలు టైమ్ తక్కువ ఉండొచ్చు, ఆయుష్షు మన లెక్కకంటే ఎక్కువ రావచ్చు.

ఒకమ్మాయి అడిగింది, "మేడం, మే నెలలో మన విజయవాడ 45 డిగ్రీలకి థర్మల్ ఎనర్జీ 27 మిల్లీ ఈవీ వస్తుంది, ఈ 0.27 దానికి వందో వంతు, కొట్టుకుపోదా?" అని. చాలా మంచి ప్రశ్న. వేడి ఎలక్ట్రాన్ ఎనర్జీని కదిలిస్తుంది, మామూలు ఢీలు స్పిన్‌ని నేరుగా తాకవు. చీలిక థర్మల్ ఎనర్జీ కంటే చిన్నదైనా ఢీల మధ్యలో తిరగడం మాత్రం ఆగదు. అందుకే స్పిన్ తిరగడాన్ని రూమ్ టెంపరేచర్‌లో కూడా లేజర్‌తో చూడగలుగుతున్నారు.

అడుగు 6: రెండు రంగుల్ని సమానం చేయండి

ఆల్ఫా, బీటా సమానం అనుకుని మళ్ళీ ముగ్గు గీయండి, ఈసారి రెండు బాణాల్నీ కలిపిన మూడో బాణం. తూర్పు: దక్షిణం ప్లస్ తూర్పు, అంటే ఆగ్నేయం. ఉత్తరం: తూర్పు ప్లస్ దక్షిణం, మళ్ళీ ఆగ్నేయం. పడమర: వాయవ్యం. దక్షిణం: వాయవ్యం. ఈశాన్యం: రెట్టింపు ఆగ్నేయం. ఆగ్నేయం, వాయవ్యం: సున్నా. బాణాలన్నీ ఒకే గీత మీదకి వచ్చేశాయి!

ఇక ఎన్ని సార్లు ఢీకొట్టినా తిరిగే అక్షం మారదు. స్పిన్ ఎంత తిరిగిందనేది ఎలక్ట్రాన్ ఈశాన్యం వైపు మొత్తం ఎంత దూరం జరిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది, ఏ సందుల్లోంచి వచ్చిందన్నది అనవసరం. ష్లీమాన్, ఎగ్వెస్, లాస్ 2003లో దీన్ని ట్రాన్సిస్టర్‌కి వాడుకోవచ్చన్నారు, బెర్నెవిగ్, ఓరెన్‌స్టీన్, జాంగ్ 2006లో పర్సిస్టెంట్ స్పిన్ హీలిక్స్ (చెదరకుండా నిలిచే స్పిన్ మెలిక) అని పేరు పెట్టారు, 2009లో కొరాలెక్ బృందం ప్రయోగంలో పట్టుకుంది, 2012లో వాల్సర్ బృందం ఆ హీలిక్స్‌ని నేరుగా మ్యాప్ చేసింది.

మనం డిజైన్ చేద్దాం. ఫీల్డ్ నానోమీటర్‌కి 10 మిల్లీవోల్ట్‌లు, ఆల్ఫా 0.52. బీటా 10 నానోమీటర్ వెల్‌లో 1, ఎక్కువైపోయింది, వెల్‌ని వెడల్పు చేయాలి. 14 నానోమీటర్లకి పై బై 14 స్క్వేర్ 0.0504, బీటా 0.50. కుదిరినట్టే అనిపిస్తుంది కానీ క్యూబిక్ టర్మ్ (డ్రెసెల్‌హాస్‌లో వేవ్ వెక్టర్ క్యూబ్ మీద పోయే ముక్క) మర్చిపోయాం, అది బీటాలోంచి గామా × ఫెర్మీ వేవ్ వెక్టర్ స్క్వేర్ బై 4 తీసేస్తుంది, 10 × 0.0188 ÷ 4, అంటే 0.047. కాబట్టి వెడల్పు కాస్త తగ్గించి 13.2 నానోమీటర్ల దగ్గర పెడితే సరిపోతుంది. క్యూబిక్ టర్మ్‌లో ఇంకో ముక్క ఉంది, అది ఒకే గీత మీదకి రాదు, హీలిక్స్‌కి ఆయుష్షు అనంతం కాకుండా చేసే కారణాల్లో అదొకటి, ఎలక్ట్రాన్లు తక్కువ ఉంటే దాని బాధ తక్కువ.

హీలిక్స్ ఒక చుట్టు పొడుగు: పై × 1137 ÷ (ఆల్ఫా ప్లస్ బీటా). 1.04 పెడితే 3400 నానోమీటర్ల పైచిలుకు, మూడున్నర మైక్రాన్లు. ఆప్టికల్ మైక్రోస్కోప్‌తో చూడదగ్గ సైజ్.

అడుగు 7: దత్తా-దాస్ ట్రాన్సిస్టర్ లెక్క

సుప్రియో దత్తా, బిశ్వజిత్ దాస్, పర్డ్యూ యూనివర్సిటీ, 1990. ఒక ఫెర్రోమాగ్నెట్ నుంచి స్పిన్ వేసి, దారిలో రష్బా బాణం చుట్టూ తిప్పి, రెండో ఫెర్రోమాగ్నెట్ దగ్గర చూస్తారు. సరిగ్గా అటే తిరిగి ఉంటే లోపలికి, ఎదురు తిరిగి ఉంటే బయటే.

తిరిగే కోణం = 2 × ఆల్ఫా × పొడుగు ÷ 1693. ఇందులో ఎలక్ట్రాన్ స్పీడ్ లేదు, గమనించారా? స్పీడ్ ఎక్కువైతే బాణం పెద్దది, కానీ దారిలో ఉండే టైమ్ తక్కువ, రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. ఆల్ఫా 8 అయితే సగం చుట్టుకి 332 నానోమీటర్లు. ఛానల్ 1330 నానోమీటర్లు చేస్తే సరిగ్గా రెండు చుట్లు, ఆన్. గేట్ తిప్పి ఆల్ఫాని 6 కి తెస్తే ఒకటిన్నర చుట్లు, ఆఫ్. ఛానల్ 665 అయితే ఆఫ్ చేయడానికి ఆల్ఫాని 8 నుంచి 4 కి సగానికి తేవాలి, నిట్టా ప్రయోగంలో చూసిన మార్పు అంత లేదు. మరీ పొడుగు చేస్తే దారిలో ఢీలు వచ్చి అంతా చెదిరిపోతుంది. కాబట్టి ముందు మీ గేట్ ఆల్ఫాని ఎంత మార్చగలదో చూసుకుని, ఆ తర్వాతే పొడుగు నిర్ణయించండి. 2009లో కూ బృందం ఇండియం ఆర్సెనైడ్ ఛానల్‌లో, తక్కువ టెంపరేచర్‌లో ఇలాంటి ఊగిసలాట చూపించింది.

అడుగు 8: గ్రాఫ్‌లోంచి ఆల్ఫా బయటికి లాగడం

తక్కువ టెంపరేచర్‌లో మాగ్నెటిక్ ఫీల్డ్ పెంచుతూ రెసిస్టెన్స్ కొలిస్తే షుబ్నికోవ్-డి హాస్ అలలు వస్తాయి. స్పిన్ చీలిక ఉంటే రెండు దగ్గర దగ్గర ఫ్రీక్వెన్సీలు కలిసి, రెండు తంబురాలు కొంచెం తేడాగా శ్రుతి చేసినప్పుడు వినపడే ఊపులాగా, అలల ఎత్తు పెరిగి తగ్గుతుంది. సన్నబడే చోట్లని నోడ్స్ అంటాం.

ఎలక్ట్రాన్లు 2 × 10 పవర్ 12, ఆల్ఫా 8, మాస్ 0.045. ఫెర్మీ వేవ్ వెక్టర్ 0.354, చీలిక 5.7 మిల్లీ ఈవీ. సైక్లోట్రాన్ ఎనర్జీ (మాగ్నెటిక్ ఫీల్డ్‌లో చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ లెవెల్స్ మధ్య తేడా) టెస్లాకి 0.1158 ÷ 0.045, అంటే 2.57. చీలిక సైక్లోట్రాన్ ఎనర్జీకి సగం, ఒకటిన్నర, రెండున్నర రెట్లు అయిన చోట్ల నోడ్స్: 4.4 టెస్లా, 1.5 దగ్గర, 0.9 దగ్గర. రెండు ఫ్రీక్వెన్సీలు సుమారు 42.5, 40.3 టెస్లా. తేడా రెండు టెస్లాలే కాబట్టి ఫోరియర్ (అలల్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) చేసేటప్పుడు చిన్న ఫీల్డ్ రేంజ్ తీసుకుంటే రెండు పీకులూ కలిసిపోయి ఒకటిగా కనపడతాయి. ఈ లెక్కలో జీమన్ చీలిక (బయటి మాగ్నెటిక్ ఫీల్డ్ నేరుగా తెచ్చే స్పిన్ చీలిక) వదిలేశాం, ఇండియం ఎక్కువున్న వెల్స్‌లో జీ పెద్దది కాబట్టి పెద్ద ఫీల్డ్ నోడ్‌ని అంత నమ్మొద్దు.

ఇంకా పెద్ద ప్రమాదం, వెల్‌లో రెండో సబ్‌బ్యాండ్ (రెండో లెవెల్) నిండినా ఇలాంటి పెరిగి తగ్గడమే వస్తుంది. బీట్ కనపడగానే రష్బా అనేయొద్దు. గేట్ మార్చి నోడ్స్ ఎలా జరుగుతున్నాయో చూడండి, హాల్ డెన్సిటీ (హాల్ వోల్టేజ్ కొలిచి తీసిన ఎలక్ట్రాన్ల సంఖ్య) రెండు ఫ్రీక్వెన్సీల మొత్తంతో సరిపోతోందో లేదో చూడండి. గాలియం ఆర్సెనైడ్ లాంటి చిన్న చీలికకి ఈ పద్ధతి పనికిరాదు, సున్నా ఫీల్డ్ దగ్గర వీక్ యాంటీ లోకలైజేషన్ శిఖరం (స్పిన్-ఆర్బిట్ వల్ల కండక్టెన్స్‌లో వచ్చే చిన్న ఎత్తు) చూడాలి, లేదా లేజర్‌తో టైమ్ రిజాల్వ్డ్ కెర్ రొటేషన్ (తిరిగొచ్చే కాంతిలో స్పిన్ తిరగడాన్ని చూడటం).

అడుగు 9: హోల్స్ అయితే వేరే ముగ్గు

ఇంతవరకూ ఎలక్ట్రాన్లే. పీ-టైప్ వెల్‌లో హోల్స్ (వేలెన్స్ బ్యాండ్‌లో ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) ఉంటాయి, అవి పీ-ఆర్బిటల్స్ నుంచి వచ్చినవి, టోటల్ యాంగ్యులర్ మొమెంటం 3/2. వెల్‌లో హెవీ హోల్, లైట్ హోల్ విడిపోతాయి, పైన ఉండేది హెవీ, ప్లస్ మైనస్ 3/2. ఈ విడిపోవడం వల్లే సర్క్యులర్ పోలరైజ్డ్ లైట్‌తో వెల్‌లో సూత్రప్రాయంగా పూర్తి స్పిన్ పోలరైజేషన్ తేగలం, బల్క్‌లో అయితే 50 శాతమే గరిష్ఠం.

హెవీ హోల్స్ రష్బాకి బాణం పొడుగు వేవ్ వెక్టర్ క్యూబ్ మీద పోతుంది, డెన్సిటీ తగ్గితే దబ్బున పడిపోతుంది. బాణం దిశ కూడా వేరు, మీరు చక్రం చుట్టూ ఒక రౌండ్ వేసేలోపు అది మూడు రౌండ్లు వేస్తుంది. తూర్పు చుక్క దగ్గర దక్షిణానికి మొదలుపెట్టి ఉత్తరం వైపుగా వెళ్ళండి, ఈశాన్యంలో ఈశాన్యానికి, ఉత్తరంలో పడమరకి, వాయవ్యంలో ఆగ్నేయానికి, పడమరలో ఉత్తరానికి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ బాణం చూపించేది హెవీ హోల్ రెండు స్టేట్స్‌తో కట్టిన స్యూడోస్పిన్‌కి సంబంధించిన ఫీల్డ్, అసలు స్పిన్ నేల మీద పడుకుని అటు చూస్తోందని కాదు. మిగతా మూడు చుక్కలూ, నైరుతి, దక్షిణం, ఆగ్నేయం, మీరు నింపండి, ఆగ్నేయం తర్వాత మళ్ళీ తూర్పుకి వచ్చేసరికి బాణం దక్షిణానికి రాకపోతే ఎక్కడో ఒక 135 డిగ్రీల తిప్పు మిస్ అయినట్టు, వెనక్కి వెళ్ళి చూసుకోండి.